పుట్టగొడుగుకు ఒక్క ఫొటో ఎందుకు చాలదు?

వానలకు మొలిచిన పుట్టగొడుగును పైనుంచి ఫొటో తీస్తే కనిపించేది గొడుగు ఒక్కటే. అసలు ఆనవాళ్లు దాని కిందా, మట్టిలోనూ ఉంటాయి. చెదపుట్టల దగ్గర మొలిచే టెర్మిటోమైసిస్ రకాల్లో చాలావాటి కాడ వేరులా సాగి చెదల గూటిదాకా దిగుతుంది. పచ్చికలో కనిపించే విషపు క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్‌కు అలాంటి వేరు ఉండదు; ముదిరాక గొడుగు కింది రేకులు ఆకుపచ్చబారతాయి. గొడుగును కోసి, రేకులు తెల్ల కాగితానికి ఆనేలా పెట్టి, గిన్నె బోర్లించి రాత్రంతా ఉంచితే సిద్ధబీజాలు పొడిలా రాలతాయి. ఆ పొడి మొదటిదానికి లేత గులాబీ రంగు, రెండోదానికి ఆకుపచ్చ. అందుకే పైనుంచి, పక్కనుంచి, కిందినుంచి, కాడ మొదలు దగ్గర స్కేలు పెట్టి, కనీసం నాలుగు ఫొటోలు కావాలి.

మరి కోస్తే శిలీంధ్రం చచ్చిపోదా? పండు కోస్తే చెట్టు చావనట్టే, ఇదీ చావదు. దాని అసలు శరీరం మట్టిలో అల్లుకున్న దారాలే. అయినా గుంపులో ఒక్కటి కోస్తే చాలు. మిగతావాటి అడుగుభాగాన్ని చిన్న అద్దంలో చూడొచ్చు. ఇన్ని ఫొటోలుంటే తినదగినదేదో తేలిపోదా అంటే, తేలదు. వాసన, సూక్ష్మదర్శినిలో సిద్ధబీజాల ఆకారం ఫొటోకు అందవు. ఫొటో తెలుసుకోవడానికే గానీ, కూర వండడానికి కాదు.