బేజారు అంటే ఒక్కటే కాదు

మా అమరాపురంలో చాలా ఇండ్లల్లో కన్నడ, బళ్లో తెలుగు. రెంటిలోనూ పిల్లోళ్లు వాడే మాట ఒకటుంది: బేజారు. ఆడుకోను తోడు లేకపోయినా బేజారే, టీచరు తిట్టినా బేజారే, నాయన ఊర్లో లేకపోయినా బేజారే. మనమూ అంతకు మించి అడగం. ‘గమ్మునుండు, అదే సరిపోతాది’ అనేస్తాం.

మా అక్క కొడుక్కి తొమ్మిదేండ్లు. వాళ్ల నాయన బెంగళూర్లో సెంట్రింగ్ పని చేస్తాడు. శనివారం రాత్రి వచ్చి ఆదివారం సాయంత్రం బస్సెక్కుతాడు. సోమవారం తెల్లారితే పిల్లోడికి కడుపునొప్పి. బడి ఎగ్గొట్టను నాటకాలని నేనే రెండు తగిలించినా. డాక్టరు చూసి కడుపులో ఏం లేదన్నాడు. అప్పుడూ నాకు తట్టలేదు.

ఒకరోజు వక్క తోటలో నీళ్లు కడతాంటే వాడొచ్చి గట్టు మీద కూర్చున్నాడు. ‘సోమవారమే ఎందుకు నొస్తాది రా?’ అన్నా. శానాసేపు పలకలే. ‘నాయన బస్సెక్కినప్పుడే ఇక్కడ బిగుసుకుంటాది మామా’ అని పొట్ట మీద చెయ్యి పెట్టినాడు. ‘దాన్ని దిగులంటారబ్బీ’ అన్నా. ఆ మాటే వాడికి తెలీదు.

అది నాటకం కాదు. దిగులు, బయం పట్టుకుంటే మెదడుకీ పేగులకీ మధ్య నరాలు కడుపుని బిగిస్తాయి, నొప్పి నిజంగానే ఉంటాది. 2007లో అమెరికాలో మాథ్యూ లీబర్‌మన్ బృందం కొందరికి కోపం, బయం ఉండే మొహాల ఫోటోలు చూపించింది. ఆ భావానికి పేరు పెట్టమన్నప్పుడు, మెదడులో బయానికి ఉలిక్కిపడే అమిగ్డాలా అనే భాగం జోరు తగ్గింది. వాళ్లు పెద్దోళ్లే అనుకోండి. పిల్లోళ్లకైతే ఆ పేరు ఎవరో ఒకరు నేర్పాల.

‘ఎందుకు?’ అంటే పిల్లోళ్లు చెప్పలేరు. ‘యాడ తెలుస్తాంది?’ అంటే చెప్తారు. చెవులు కాలుతాయి, పండ్లు బిగుస్తాయి: కోపం. గుండె దడ, అరచేతుల్లో చెమట: బయం. కన్నడలో ‘సిట్టు’ అన్నా చాలు. తెలుగులోనే చెప్పమని పట్టుబడితే చెప్పేదే మానేస్తారు. కోపం మీదున్నప్పుడు బుద్ధులు ఎక్కవు. నీళ్లిచ్చి పక్కన కూర్చోండి. దిగినాక చెప్పండి, కోపం తప్పు కాదు, తమ్ముణ్ని కొట్టింది తప్పని.

వారాల తరబడి తిండి, నిద్ర లేకున్నా, సచ్చిపోతా అన్నా ఆలస్యం చేయొద్దు. టెలీ మానస్ 14416కి ఏ వేళైనా చేయొచ్చు, డబ్బులుండవు.

మావాడి కడుపునొప్పి పూర్తిగా పోలే. కానీ ఇప్పుడు ఆదివారం నాయన్ని సాగనంపను బస్టాండు దాకా వస్తాడు, అక్కడే ఏడుస్తాడు. ‘మొగపిల్లోడివి, గమ్మునుండు’ అని ఎవరన్నా అంటే, వాళ్లనే గమ్మునుండమంటా.