ఫోటోలు దిద్దుకోవడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అవసరమా?

ఉద్యోగ పరీక్షకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపుతున్నారు. గడువు ఈ రాత్రితో ముగుస్తుంది. ఫోటో జతచేయగానే ఫైలు పరిమాణం ఎక్కువైందంటూ వెనక్కి వస్తుంది. చేతికందిన యాప్‌తో కుదిస్తే ముఖం గళ్లుగళ్లుగా మారిపోతుంది. చాలామందికి ఇది అనుభవమే. ఫోటో లోపల ఏముంటుందో కాస్త తెలిస్తే, ఉచితంగా దొరికే సాధనాలతోనే ఈ పని చక్కగా చేసుకోవచ్చు.

ఫోటో అంటే అంకెల పట్టిక

డిజిటల్ ఫోటో పిక్సెళ్లనే చిన్న రంగు చుక్కలతో ఏర్పడుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు ఒక్కో బైటు చొప్పున ప్రతి పిక్సెల్‌కు మూడు బైట్లు కావాలి. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ కెమెరా తీసే ఫోటోలో అడ్డంగా 4,000, నిలువుగా 3,000, మొత్తం 1.2 కోట్ల పిక్సెళ్లుంటాయి. ఉన్నదున్నట్టు భద్రపరిస్తే అది 36 మెగాబైట్లవుతుంది. కానీ ఫోన్‌లో చూస్తే సాధారణంగా కొద్ది మెగాబైట్లే ఉంటుంది.

ఈ తేడాకు కారణం జేపెగ్ కుదింపు. దానికి మూలమైన గణిత పద్ధతి పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్ అమెరికాలో పనిచేస్తూ, టి. నటరాజన్, కె. ఆర్. రావులతో కలిసి 1974లో దీన్ని ప్రచురించారు. జేపెగ్ ఫోటోను 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడదీసి, కంటికి అంతగా ఆనని సూక్ష్మ తేడాలను వదిలేస్తుంది. మరీ ఎక్కువ వదిలేస్తే ఆ గళ్లే పైకి కనిపిస్తాయి.

ముందు కొలత, తర్వాత నాణ్యత

బ్యాంకు ఉద్యోగాల కోసం ఐబీపీఎస్ నిర్వహించే పరీక్షల ప్రకటనల్లో ఫోటో 200×230 పిక్సెళ్లు, 20 నుంచి 50 కేబీ ఉండాలని అడగడం చూస్తుంటాం. 50 కేబీ అంటే సుమారు 4 లక్షల బిట్లు. వాటిని 1.2 కోట్ల పిక్సెళ్లకు పంచితే 30 పిక్సెళ్లకు ఒక్క బిట్టే దక్కుతుంది. ముఖం చెదిరిపోక ఏమవుతుంది? అదే ఫోటోను కత్తిరించి ముందుగా 200×230కి తగ్గిస్తే ఉండేవి 46,000 పిక్సెళ్లే. అప్పుడు ఒక్కోదానికి 8 బిట్లకు పైగా అందుతాయి, ముఖం స్పష్టంగా ఉంటుంది. అందుకే ముందు కొలత తగ్గించాలి, ఆ తర్వాతే నాణ్యత.

ఏ పనికి ఏది?

కొలత తగ్గించడం, కత్తిరించడం వంటి చిన్న పనులకు విండోస్‌లో ఇర్ఫాన్‌వ్యూ చాలు. పాత కంప్యూటర్లలోనూ చురుగ్గా నడుస్తుంది. ఫోన్‌లోనే వెలుగు, రంగులు సరిచేసుకోవాలంటే గూగుల్ వారి స్నాప్‌సీడ్ ఉంది. సాఫ్ట్‌వేర్ ఎక్కించుకునే వీలు లేనిచోట బ్రౌజర్‌లో ఫోటోపీ పనిచేస్తుంది. మధ్యలో ప్రకటనలు వస్తాయి కానీ, మీ ఫోటో సర్వర్‌కు వెళ్లకుండా మీ కంప్యూటర్‌లోనే దిద్దుబాటు జరుగుతుంది. ఊరూపేరూ తెలియని వెబ్‌సైట్లలో ఆధార్ కార్డు, సంతకం ఎక్కించి కుదించుకునేవారు ఈ తేడా గమనించాలి.

తాతల కాలంనాటి ఫోటోపై గీతలు, మరకలు పోగొట్టాలంటే గింప్ మేలు. ఇది 1996 నుంచి అందుబాటులో ఉంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. పొరలు పొరలుగా పనిచేయవచ్చు, యూనికోడ్ ఫాంట్‌తో తెలుగు అక్షరాలూ చేర్చవచ్చు. అలవాటు పడటానికి మాత్రం కొన్ని రోజులు పడుతుంది. పెద్ద కెమెరాల రా ఫైళ్లకు డార్క్‌టేబుల్ ఉంది. అది అసలు ఫైలును ముట్టుకోకుండా మార్పులను విడిగా రాసుకుంటుంది.

ఉచితం అన్నీ ఒకటి కాదు

1990లో వచ్చిన ఫోటోషాప్ వృత్తి నిపుణులకు నేటికీ బలమైన సాధనమే. అయితే 2013 నుంచి అది చందా పద్ధతికి మారింది. ఏడాదికి నాలుగైదు ఫోటోలు దిద్దుకునే ఇంటికి ఆ ఖర్చు దండగ. దొంగ కాపీలు వాడితే చట్టపరమైన చిక్కులతో పాటు వైరస్‌ల బెడదా ఉంటుంది. ఇర్ఫాన్‌వ్యూ సొంత వాడకానికి మాత్రమే ఉచితం, వ్యాపారానికి లైసెన్స్ కొనాలి. గింప్, డార్క్‌టేబుల్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు. ఫోటో స్టూడియో నడిపేవారూ పైసా కట్టకుండా వాడుకోవచ్చు.

మరవకూడని జాగ్రత్తలు

అసలు ఫోటోను ఎప్పుడూ విడిగా దాచి, నకలు మీదే పనిచేయండి. జేపెగ్ ఫైలును దిద్ది సేవ్ చేసిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది. గింప్‌లో అయితే పని పూర్తయ్యేదాకా దాని సొంత ఎక్స్‌సీఎఫ్ రూపంలో ఉంచి, చివర్లో ఒక్కసారే జేపెగ్‌గా మార్చాలి.

ఏ సాఫ్ట్‌వేరూ లేని వివరాన్ని పుట్టించలేదని కూడా గుర్తుంచుకోవాలి. మచ్చలు పోగొట్టే సాధనం పక్కనున్న పిక్సెళ్లను అరువు తెచ్చి అతుకు వేస్తుంది. గోడ మీద మరకకు అది సరిపోతుంది. చిరిగిపోయిన చోట తాతగారి కన్ను ఉంటే, అక్కడ వచ్చేది ఊహే తప్ప ఆయన చూపు కాదు. అందుకే పాత ఫోటోలు ఇంకా పాడవకముందే స్కాన్ చేయించి దాచుకోవడం అన్నిటికన్నా చవకైన మరమ్మతు.