నిప్పురవ్వ లేని ఇంజన్

1893 ఆగస్టు 10న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ యంత్రాల కర్మాగారంలో రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజన్‌ను మొదటిసారి పరీక్షించాడు. అది తనంతట తాను తిరగలేదు. కర్మాగారపు బెల్టుతో దాన్ని తిప్పుతూ లోపలికి ఇంధనం వదిలారు. పెద్ద చప్పుడుతో పేలింది. పీడనాన్ని కొలిచే ఇండికేటర్ ముక్కలై ఎగిరిపడింది. పక్కనున్నవాళ్లకు ప్రాణం పోయినంత పనైనా, డీజిల్‌కు కావలసిన రుజువు ఆ పేలుడులోనే దొరికింది. నిప్పురవ్వ అక్కరలేదు, గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. మరుసటి ఏడాది ఫిబ్రవరి 17న ఆ ఇంజన్ నిమిషానికి 88 చుట్ల వేగంతో సుమారు ఒక నిమిషం సొంతంగా తిరిగింది. సరిగ్గా మూడేళ్ల తర్వాత, 1897 ఫిబ్రవరి 17న, మ్యూనిక్ ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ దాని కొత్త నమూనాను పరీక్షించి, ఇంధనంలోని వేడిలో 26.2 శాతం పనిగా మారుతోందని తేల్చాడు. ఆనాటి ఆవిరి యంత్రాలకు అందులో సగం కూడా దక్కడం కష్టం.

సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగున చేతికి వేడి తగులుతుంది. డీజిల్ ఇంజన్‌కు ఆధారం ఆ వేడే. సిలిండర్‌లోని గాలిని పదహారో, పద్దెనిమిదో వంతుకు నొక్కితే అది 500 డిగ్రీల పైకి వేడెక్కుతుంది. డీజిల్ తనంతట అంటుకోవడానికి 250 డిగ్రీలు చాలు. పెట్రోల్ ఇంజన్‌లో మంట పుట్టించడానికి ప్లగ్గు ఉంది. డీజిల్‌కు ఆ పని చేసిపెట్టేవారు ఎవరూ లేరు. గాలి నిండుగా రావాలి, ఆ గాలి రింగుల సందుల్లోంచి జారిపోకుండా నొక్కబడాలి, ఇంధనం సరైన క్షణంలో పొగమంచులా చిమ్మబడాలి, పని పూర్తయ్యాక మిగిలిన వేడి బయటికి పోవాలి. లారీ ఇంజన్‌కు వచ్చే జబ్బుల్లో అధికభాగం ఈ నాలుగింటిలో ఏదో ఒకటి తప్పినందువల్ల వచ్చేవే. కాబట్టి పాడైపోయి చేతికొచ్చిన భాగం చాలాసార్లు దెబ్బతిన్న భాగమే తప్ప దెబ్బ కొట్టిన భాగం కాదు. దాన్ని మార్చి ఊరుకుంటే కొత్తదానికీ అదే గతి పడుతుంది.

ఈ నాలుగింటిలో రుడాల్ఫ్ డీజిల్‌ను ఎక్కువ ఏడిపించింది ఇంధనం చిమ్మడం. అంత పీడనంలో ఉన్న గాలిలోకి ద్రవాన్ని తోయలేక ఆయన దాన్ని మరింత పీడనమున్న గాలితో ఊదించాడు. అందుకు ఇంజన్ పక్కన ఒక పెద్ద కంప్రెసర్ కావలసి వచ్చింది. ఓడలకూ విద్యుత్ కేంద్రాలకూ అది భారం కాలేదు గాని, బండికి పనికిరాలేదు. 1913 సెప్టెంబరు 29 రాత్రి ఆంట్‌వెర్ప్ నుంచి ఇంగ్లండ్ వెళ్లే ఓడలోంచి అదృశ్యమైన డీజిల్, తన ఇంజన్ లారీల్లో వాడుకలోకి రావడం చూడనేలేదు. బెంజ్, మాన్ కంపెనీలు 1920ల నడుమ డీజిల్ లారీలను రోడ్డెక్కించాయి. 1922లో ప్రయత్నం మొదలుపెట్టిన రాబర్ట్ బోష్ సంస్థ 1927లో ఇంధన పంపులను వరసగా తయారుచేయగలిగాక లారీకి అసలైన గుండె దొరికింది. ఆ పంపులో ప్లంజరుకూ దాని గొట్టానికీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు; మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. నాజిళ్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి ఇంధనం అందించే నేటి కామన్ రైల్ ఇంజన్లలో పీడనం రెండు వేల బార్లకు చేరింది, నాజిల్ రంధ్రాలు మరింత సన్నబడ్డాయి. కంటికి కనిపించని ఇసుక రేణువు ఆ సందులో బండరాయి లాంటిది.

పొద్దున్నే సెల్ఫ్ ఎంతసేపు కొట్టినా బండి స్టార్ట్ కాకపోతే ముందు నాజిళ్ల మీద అనుమానం పోతుంది. పోవలసింది ట్యాంకు నుంచి పంపు దాకా వచ్చే దారి మీద. రబ్బరు పైపు పగుళ్లలోంచో, ఫిల్టర్ వాషర్ దగ్గరో గాలి పట్టిందంటే, గాలి నొక్కుకుపోతుంది గనుక పంపు ఎంత తోసినా నాజిల్ దగ్గర పీడనం లేవదు. పాత పంపు ఉన్న బండ్లలో చేతి ప్రైమర్ కొట్టి, బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, బుడగల్లేని డీజిల్ వచ్చేదాకా చూస్తే సంగతి తెలిసిపోతుంది. రోజూ ఇలాగే గాలి తీయాల్సి వస్తుంటే ఎక్కడో పైపు పీలుస్తున్నట్టే. ఇక నీరు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చల్లబడిన గాలిలోని తేమ నీరై అడుగుకు దిగుతుంది. పంపుకూ నాజిళ్లకూ నూనె పోసేవాళ్లెవరూ ఉండరు. అవి డీజిల్‌తోనే తడిసి కదులుతాయి. నీటికి ఆ జిడ్డు లేదు, పైగా తుప్పు పట్టిస్తుంది. చౌకని కిరోసిన్ కలిపినా అంతే: అది మండుతుంది, బండి నడుస్తుంది, కానీ జిడ్డు తగ్గి పంపు లోపల ఇనుము ఇనుమును రాసుకుంటుంది. నీరు వడకట్టే గిన్నె అడుగున ఉన్న చిన్న మర తిప్పి రోజూ ఓ గుక్కెడు వదిలేయడం ఖర్చులేని పని. పాడైన నాజిళ్ల సెట్టు మాత్రం ఖరీదైనది.

లోపల ఏం జరుగుతోందో పొగ చెబుతుంది. నల్లపొగ అంటే ఇంధనానికి సరిపడా గాలి లేదు: ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి ఉండవచ్చు, సిలిండర్లలోకి గాలిని నెట్టే టర్బో నుంచి వచ్చే గొట్టం క్లిప్పు వదులై గాలి బయటికి పోతుండవచ్చు, నాజిల్ చిమ్మకుండా కారుతుండవచ్చు. తెల్లపొగ రెండు రకాలు. కళ్లు మండించే డీజిల్ వాసనతో వస్తే ఇంధనం అంటుకోకుండానే బయటికొస్తోంది. నొక్కుడు తగ్గిందనో, టైమింగ్ తప్పిందనో అర్థం. ఇంజన్ వేడెక్కాక కూడా ఆవిరిలా వస్తూ, రేడియేటర్‌లో మట్టం తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ దగ్గర కూలెంట్ సిలిండర్‌లోకి దిగుతోందని అనుమానించాలి. నీలిపొగ ఇంజన్ ఆయిల్ మండుతోందని చెబుతుంది. రింగులు అరిగాయా, వాల్వు గైడ్లా, టర్బో సీలా అన్నది ఆ తర్వాత తేల్చుకోవాలి. ఆయిల్ మూత తీసినప్పుడు గాలి బుసకొడుతుంటే రింగుల మీద అనుమానం బలపడుతుంది. ఇంజన్ విప్పడానికి ముందు ఇంత తెలుసుకునే వీలుండగా, విప్పాక చూద్దామనడం సరికాదు.

లారీ అన్నాక నల్లపొగ రాదా, పొగ వస్తేనే బండికి పికప్ ఉన్నట్టు అనే మాట ఒకటుంది. పంపులో డీజిల్ పెంచితే ఘాట్ ఎక్కేటప్పుడు కొంత బలం వచ్చే మాట నిజమే. కానీ కంటికి కనిపించే పొగంతా డబ్బుపెట్టి కొని కాల్చకుండా వదిలేసిన డీజిల్. ఆ అదనపు ఇంధనం వల్ల ఎగ్జాస్ట్ వేడి పెరిగి, పిస్టన్ తలనూ టర్బో చక్రాన్నీ తింటుంది. ఆ టర్బో సీలు పూర్తిగా పోతే వచ్చే ప్రమాదం మరీ పెద్దది. ఆయిల్ గాలితో పాటు సిలిండర్లలోకి చేరి అదే ఇంధనమవుతుంది. తాళం తీసినా ఇంజన్ ఆగదు, ఆర్పడానికి నిప్పురవ్వ అక్కడ లేదు. వేగం పెరుగుతూపోయి చివరికి ముక్కలవుతుంది. గాలి దారి మూసేయడమే అసలు మందు. అదీ చేత్తో కాదు, బల్లచెక్క లాంటి గట్టి వస్తువుతో. డీజిల్ సూత్రం ఎంత నమ్మకమైనదో అంత కఠినమైనదని ఇంతకన్నా స్పష్టంగా మరేదీ చూపదు.

ఇప్పుడన్నీ సెన్సర్లే కదా, కంప్యూటర్ పెడితే కోడ్ చెబుతుంది, ఈ పాత వైద్యం ఎందుకని మరో ప్రశ్న. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో అమలైన బీఎస్-6 బండ్లలో మసిని పట్టే ఫిల్టర్, యూరియా ద్రవం చిమ్మే ఏర్పాటు, వాటిని కాపలాకాసే సెన్సర్లు ఉన్న మాట నిజం. అయితే కోడ్ చెప్పేది ఏ కొలత హద్దు దాటిందో; ఎందుకు దాటిందో చెప్పదు. రైల్ పీడనం తక్కువుందని వచ్చిన కోడ్‌కు మూసుకుపోయిన ఫిల్టర్ కారణం కావచ్చు, గాలి పీల్చే పైపు కావచ్చు, అరిగిన పంపు కావచ్చు, వెనక్కి ఎక్కువ వదిలేస్తున్న ఇంజెక్టర్ కావచ్చు. మసి ఫిల్టర్ మాటిమాటికీ నిండిపోతోందని దాన్ని కడిగించి పంపితే, మసి పుట్టిస్తున్న నాజిల్ మళ్లీ నింపుతుంది. పైగా ఆ ఫిల్టర్ పొగనంతా మింగేయడం వల్ల పాత బండి చెప్పే మాట కొత్త బండిలో బయటికి వినపడదు. ఆలోచించే మెకానిక్ అవసరం అందువల్ల పెరిగింది.

అందరూ తేలిగ్గా తీసుకునేది వేడి సంగతి. పెద్ద లారీ ఇంజన్లు చాలావాటిలో సిలిండర్ లోపలి గొట్టాలైన లైనర్ల వెనుక కూలెంట్ నేరుగా తగులుతుంది. మంట కొట్టిన ప్రతిసారీ పిస్టన్ పక్కకు తన్ని లైనర్ గంటలా కంపిస్తుంది. ఆ కంపనానికి దాని వెనుక సన్నటి ఆవిరి బుడగలు పుట్టి, వెంటనే పగులుతాయి. పగిలిన ప్రతి బుడగా ఇనుము మీద ఒక సుత్తిదెబ్బ. కూలెంట్‌లోని రసాయనాలు లైనర్ మీద పల్చని పొర కట్టి కాపాడతాయి. మామూలు నీళ్లు పోస్తే ఆ పొర ఉండదు. సూదిమొన గుంతలు లోతై చివరికి నీరు ఆయిల్‌లోకి చేరుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో కనిపిస్తుంది, మట్టం పెరుగుతుంది. అప్పుడు లైనర్ కంపెనీని తిడతారు. తప్పు రేడియేటర్‌లో పోసిన నీటిది.

ఇవన్నీ చూసే తీరిక లోడు దిగితే గాని కిస్తీ తీరని యజమానికి ఎక్కడిదంటారు. ఆ కష్టం నిజమైనదే, దాన్ని చిన్నబుచ్చకూడదు. కానీ డిప్‌స్టిక్ తీసి చూడడం, నీటి గిన్నె వదలడం, కూలెంట్ మట్టం చూడడం, మొదటి పొగ రంగు గమనించడం అన్నీ కలిపి పది నిమిషాలు. బోరుకొచ్చిన ఇంజన్ షెడ్డులో కూర్చునేది రోజుల తరబడి. లారీ యజమానులూ, డ్రైవర్లూ, ఈ ఎండాకాలం రేడియేటర్ మట్టం తగ్గితే, ఇంజన్ చల్లారాక మాత్రమే మూత తీసి, కంపెనీ చెప్పిన కూలెంటే పోయండి; దారిలో తప్పనిసరై బోరునీళ్లు పోస్తే, ఊరు చేరగానే మొత్తం తీయించి మార్పించండి.