రివాల్వర్ గొట్టం పొడవైతే గురి కుదురుతుందా?

గొట్టం ఎంత పొడవుంటే తుపాకీ అంత సూటిగా పేలుతుందని చాలామంది నమ్మకం. 1971లో కృష్ణ కథానాయకుడిగా వచ్చిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ వంటి కౌబాయ్ చిత్రాలతో తెలుగు ప్రేక్షకులకూ పరిచయమైన రివాల్వర్ విషయంలో ఈ నమ్మకం మరీ ఎక్కువ. ఇందులో సగం నిజముంది, సగం పొరపాటుంది. ఏ సగం ఏదో తేల్చుకోవాలంటే తూటా గొట్టంలో ఉండే ఆ వెయ్యో వంతు సెకనులో ఏం జరుగుతుందో చూడాలి. తుపాకీని పట్టుకున్న చేతికీ, గురి చూసే కంటికీ ఆ పొడవు ఏం చేస్తుందో కూడా చూడాలి.

ఇందుకు చక్కని ఉదాహరణ అమెరికాలో 1873లో వచ్చిన కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్. దీన్ని ప్రధానంగా మూడు గొట్టం పొడవుల్లో తయారుచేశారు: ఏడున్నర అంగుళాలు (19 సెంటీమీటర్లు), ఐదున్నర అంగుళాలు (14 సెంటీమీటర్లు), నాలుగు ముప్పావు అంగుళాలు (12 సెంటీమీటర్లు). యంత్రాంగం ఒకటే, పేల్చే తూటా ఒకటే, మారేది గొట్టం మాత్రమే. అందువల్ల పొడవు ప్రభావాన్ని విడదీసి చూడటానికి ఇది వీలుగా ఉంటుంది.

సింగిల్ యాక్షన్ అంటే?

ఈ రకం రివాల్వర్‌లో ట్రిగ్గర్ చేసే పని ఒక్కటే. వెనక్కి లాగి ఉంచిన సుత్తిని, అంటే హ్యామర్‌ను, వదిలిపెట్టడం. ఆ హ్యామర్‌ను ప్రతిసారీ బొటనవేలితో వెనక్కి లాగాలి. అలా లాగినప్పుడే ఆరు గదుల సిలిండర్ ఒక గది మేర తిరిగి, కొత్త తూటా గొట్టానికి ఎదురుగా వస్తుంది. ట్రిగ్గర్‌కు వేరే పని లేకపోవడంతో దాన్ని నొక్కడానికి కొద్దిపాటి బలం చాలు. నొక్కేటప్పుడు తుపాకీ కదిలిపోయే ప్రమాదమూ తక్కువే.

వాయువు తోసేది ఎంతసేపు?

బస్తర్‌లో గోంచా పండుగకు పిల్లలూ పెద్దలూ ‘తుప్‌కి’ అనే వెదురు తుపాకీతో ఆడుకుంటారు. వెదురు గొట్టంలో ఒక కాయను ముందు బిగించి, రెండో కాయను వెనకనుంచి పుల్లతో తోస్తారు. మధ్యలో నలిగిన గాలి ముందు కాయను ఎగరగొడుతుంది. రివాల్వర్‌లో జరిగేదీ ఇలాంటిదే. తేడా ఏమిటంటే ఇక్కడ గాలికి బదులు, మందు మండి పుట్టిన వేడి వాయువులు తూటాను తోస్తాయి. పాయింట్ 45 కోల్ట్ తూటాకు పరిశ్రమ నిర్ణయించిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 14,000 పౌండ్లు. అంటే మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనానికి 950 రెట్లు.

తూటా ముందుకు కదిలేకొద్దీ దాని వెనక వాయువు ఆక్రమించే చోటు పెరుగుతుంది, పీడనం పడిపోతుంది. గొట్టం పొడవైతే తోపు ఎక్కువసేపు అందుతుంది కాబట్టి వేగం పెరుగుతుంది. అయితే పీడనం తగ్గుతూ పోవడం వల్ల, జోడించే ప్రతి అంగుళం అంతకు ముందు అంగుళం కంటే తక్కువ లాభమే ఇస్తుంది. ఈ తరహా రివాల్వర్లలో ఒక్కో అంగుళానికి పెరిగే వేగం స్థూలంగా సెకనుకు 8 నుంచి 15 మీటర్లు. కచ్చితమైన విలువ తూటాను బట్టీ మందును బట్టీ మారుతుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. పాయింట్ 45 కోల్ట్‌లో వాడే 16.5 గ్రాముల సీసపు తూటా ఏడున్నర అంగుళాల గొట్టం నుంచి సెకనుకు 250 మీటర్ల వేగంతో వెలువడిందనుకుందాం. దాని గతిశక్తి సుమారు 515 జౌళ్లు. పొట్టి గొట్టంలో వేగం 230 మీటర్లకు తగ్గితే గతిశక్తి 436 జౌళ్లు అవుతుంది. వేగంలో తగ్గింది ఎనిమిది శాతమే. శక్తిలో మాత్రం 15 శాతం పోయింది, ఎందుకంటే గతిశక్తి వేగం వర్గాన్ని అనుసరిస్తుంది. అయినా మిగిలిన శక్తి తక్కువేమీ కాదు. గొట్టం పొట్టిదైనంత మాత్రాన తుపాకీ ప్రమాదం తగ్గిందనుకోవడం తప్పు.

రివాల్వర్‌కే ప్రత్యేకమైన మరో సంగతి ఉంది. సిలిండర్ తిరగాలంటే దానికీ గొట్టానికీ మధ్య సందు ఉండి తీరాలి. ఆ సందు 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల మేర ఉంటుంది. తూటా సిలిండర్ దాటి గొట్టంలోకి చేరాక కొంత వాయువు ఈ సందు నుంచి పక్కలకు చిమ్ముతుంది. సందు పెద్దదైతే, పొడవాటి గొట్టం ఇవ్వాల్సిన అదనపు వేగంలో కొంత ఇక్కడే హరించుకుపోతుంది. ఒకే పొడవున్న రెండు రివాల్వర్ల మధ్య కూడా వేగం తేడా కనిపించడానికి ఇదొక కారణం.

కొలతల్లోనూ ఒక తిరకాసు ఉంది. పిస్టల్ గొట్టం పొడవులో తూటా కూర్చునే గదిని కూడా కలిపి లెక్కిస్తారు. రివాల్వర్‌లో ఆ గది సిలిండర్‌లో ఉంటుంది కనుక గొట్టాన్ని మాత్రమే కొలుస్తారు. కాబట్టి ఐదు అంగుళాల పిస్టల్‌నూ ఐదు అంగుళాల రివాల్వర్‌నూ అంకె చూసి సమానమనుకోకూడదు.

తూటా గింగిర్లు

మరి సూటిదనం సంగతేమిటి? గొట్టం లోపలి గోడలకు మెలితిరిగిన గాళ్లు ఉంటాయి. వాటిలో ఒరుసుకుంటూ వెళ్లే తూటా తన అక్షం చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. బొంగరం తిరిగినంతసేపూ పడిపోనట్టే, తిరిగే తూటా గాలిలో తలకిందులు కాకుండా సాగిపోతుంది.

కోల్ట్ పాయింట్ 45 గొట్టంలో ఈ గాళ్లు 16 అంగుళాలకు ఒక పూర్తి చుట్టు తిరుగుతాయి. అంటే ఏడున్నర అంగుళాల గొట్టంలో కూడా తూటా అర చుట్టు పూర్తి చేయదు. నాలుగు ముప్పావు అంగుళాల గొట్టంలో చుట్టులో మూడో వంతు కూడా తిరగదు. అయినా రెండింట్లోనూ తూటా దాదాపు ఒకే తిరుగుడు వేగంతో బయటపడుతుంది. ఆ వేగాన్ని నిర్ణయించేది గాళ్ల మెలికా, తూటా వేగమే. గొట్టంలో ఎన్ని చుట్లు తిరిగిందన్నది లెక్కలోకి రాదు. సెకనుకు 250 మీటర్ల వేగాన్ని 16 అంగుళాలతో, అంటే 0.406 మీటర్లతో భాగిస్తే, సెకనుకు 600 చుట్లకు పైనే వస్తాయి.

అందుకే రివాల్వర్‌ను బల్లకు బిగించి పేల్చి చూస్తే, పొట్టి గొట్టం కూడా పొడవాటి గొట్టంతో సమానంగా తూటాలను ఒకేచోట గుమికూర్చగలదు. గొట్టం ఎంత బాగా తయారైంది, సిలిండర్ గదులు గొట్టానికి ఎంత సూటిగా ఎదురు నిలుస్తున్నాయి అన్నవే అక్కడ ముఖ్యం. పొడవు వల్ల సూటిదనం పెరుగుతుందన్న నమ్మకంలో పొరపాటు సగం ఇదే.

నిజం సగం కంటి దగ్గరుంది

బల్ల మీద సమానమైనవి చేతిలోకి వచ్చేసరికి వేరవుతాయి. గురి చూడటానికి రివాల్వర్ మీద వెనక ఒక గాడి, గొట్టం చివర ఒక పలక ఉంటాయి. ఈ రెంటి మధ్య దూరమే గురి దూరం. గొట్టం పొడవైతే ఈ దూరమూ పెరుగుతుంది.

పొట్టి రివాల్వర్‌లో గురి దూరం 15 సెంటీమీటర్లు, పొడవాటిదాంట్లో 22 సెంటీమీటర్లు అనుకుందాం. ముందు పలక గాడి మధ్యనుంచి అర మిల్లీమీటరు పక్కకు జరిగిందని, పేల్చే వ్యక్తి దాన్ని గమనించలేదని అనుకుందాం. సరూప త్రిభుజాల లెక్క ప్రకారం 25 మీటర్ల దూరంలో పొట్టి రివాల్వర్ తూటా 83 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. పొడవాటిదాని తూటా 57 మిల్లీమీటర్లే పోతుంది. కంటి పొరపాటు ఒకటే, ఫలితం వేరు.

దీనికి హద్దు కూడా ఉంది. గురి దూరం తగ్గించేది గాడినీ పలకనూ సరిపెట్టడంలో జరిగే పొరపాటునే. చేయి వణికితే మొత్తం తుపాకీ కోణం మారిపోతుంది. ఆ తప్పును గురి దూరం సరిదిద్దలేదు. చత్వారం వచ్చినవారికి మాత్రం పొడవాటి గొట్టం మరో చిన్న సాయం చేస్తుంది. ముందు పలక కంటికి ఏడు సెంటీమీటర్లు దూరం జరగడంతో అది కాస్త స్పష్టంగా కనిపిస్తుంది.

గురి దూరం ఇచ్చే లాభం ఎంత నిజమైనదో అంతర్జాతీయ షూటింగ్ పోటీల నిబంధనలు చూస్తే అర్థమవుతుంది. 25 మీటర్ల పిస్టల్ పోటీల్లో గొట్టం 153 మిల్లీమీటర్లకు, గురి దూరం 220 మిల్లీమీటర్లకు మించకూడదు. హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వ్యక్తిగత రజతం గెలిచింది ఈ 25 మీటర్ల విభాగంలోనే. పరికరం పొడవుతో ఎవరూ ముందంజ వేయకుండా, పోటీ మనుషుల నైపుణ్యం మధ్యే జరగాలన్నది ఈ హద్దుల ఫలితం.

చేతిలో తూకం

రెండు ముప్పావు అంగుళాల అదనపు గొట్టం బరువు, ఉక్కు సాంద్రతను బట్టి లెక్కగడితే, సుమారు 60 గ్రాములు. కిలో పైచిలుకు బరువున్న తుపాకీకి ఇది పెద్ద లెక్క కాదనిపిస్తుంది. కానీ ఆ బరువు పిడికిలికి అన్నింటికంటే దూరంగా, కొసన ఉంటుంది. వస్తువును తిప్పడానికి ఎదురయ్యే జడత్వం దూరం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. క్రికెట్ బ్యాటును పిడి కొసన పట్టుకుని తిప్పడానికీ, కిందికి జరిపి పట్టుకుని తిప్పడానికీ ఉన్న తేడా అందరికీ అనుభవమే.

ఈ జడత్వం రెండు వైపులా పనిచేస్తుంది. చేతి చిన్నచిన్న వణుకులకు పొడవాటి గొట్టం తొందరగా లొంగదు, నిలకడగా ఉంటుంది. పేలినప్పుడు కొస పైకి లేవడమూ తగ్గుతుంది. అదే సమయంలో ఒక లక్ష్యం నుంచి మరోదానికి తిప్పడం నెమ్మదిస్తుంది, చేయి త్వరగా అలిసిపోతుంది. నడుముకు కట్టిన తోలు ఒర నుంచి బయటికి తీయాలంటే చేతిని మరో ఏడు సెంటీమీటర్లు పైకి ఎత్తాలి.

వెనక్కి తన్నే బలం కథ ఇంకా ఆసక్తికరం. తూటా ముందుకు పోతే తుపాకీ వెనక్కి పోవాలి. ఇది న్యూటన్ మూడో సూత్రం. గొట్టం పిడికిలి కంటే పైన ఉండటంతో ఆ తోపు తుపాకీని పైకి తిప్పుతుంది. ఇదంతా తూటా బయటపడ్డాక జరుగుతుందనుకుంటే పొరపాటే. తుపాకీని ఏ ఆధారమూ లేకుండా వదిలేస్తే, తూటా గొట్టం దాటేలోపే అది దాదాపు మూడు మిల్లీమీటర్లు వెనక్కి జరిగి ఉంటుంది. అందువల్ల తూటా, గొట్టం కాస్త పైకి లేచిన స్థితిలో బయటికొస్తుంది. దీన్ని సరిపెట్టడానికే ముందు పలకను ఎత్తుగా అమర్చుతారు. నెమ్మదైన తూటా గొట్టంలో ఎక్కువసేపు ఉంటుంది కనుక, దగ్గరి దూరంలో అది వేగమైన తూటా కంటే పైన తగలడం సాధారణం.

మూడు పొడవులు ఎందుకు?

ఏడున్నర అంగుళాల గొట్టం అమెరికా అశ్విక దళానిది. 1890ల మధ్య నుంచి సైన్యం వీటిలో చాలావాటిని ఐదున్నర అంగుళాలకు కత్తిరించి మళ్లీ వాడుకుంది. పౌరుల్లో ప్రాచుర్యం పొందిన నాలుగు ముప్పావు అంగుళాల పొడవు వెనక ఒక యాంత్రిక కారణం ఉంది. పేలిన ఖాళీ గుళ్లను ఈ రివాల్వర్‌లో ఒక్కొక్కటిగా, గొట్టం పక్కనున్న కడ్డీతో వెనక్కి తోసి తీయాలి. ఆ కడ్డీ ఉండే గొట్టపు కవచం సరిగ్గా ఈ పొడవులో ఇముడుతుంది. గొట్టాన్ని ఇంకా కుదిస్తే కడ్డీనీ కుదించాలి, లేదా తీసేయాలి. అప్పుడు ఖాళీ గుళ్లు తీయడమే ఇబ్బందవుతుంది.

మరోవైపు, వయాట్ ఎర్ప్ అనే పోలీసు అధికారికి పన్నెండు అంగుళాల గొట్టమున్న రివాల్వర్ బహుమతిగా అందిందని స్టువర్ట్ లేక్ 1931లో రాసిన జీవితచరిత్ర ప్రచారం చేసింది. చరిత్రకారులకు దీనికి ఆధారాలు దొరకలేదు.

కోర్టు మెట్ల దాకా

గొట్టం పొడవు ప్రశ్న ఔత్సాహికుల చర్చతో ఆగిపోదు. పొట్టి గొట్టం నుంచి తూటా బయటపడేసరికి వాయువు పీడనం ఇంకా ఎక్కువగా ఉంటుంది. అందుకే చప్పుడూ మంటా ఎక్కువ, కాలని మందు రేణువులు వెదజల్లే తీరూ వేరు. దుస్తుల మీదా చర్మం మీదా పడిన ఈ రేణువుల మరక వెడల్పును బట్టే ఫోరెన్సిక్ నిపుణులు ఎంత దూరం నుంచి కాల్చారో అంచనా వేస్తారు. ఒకే దూరం నుంచి కాల్చినా గొట్టం పొడవును బట్టి ఆ మరక మారుతుంది. అందుకే సాధ్యమైన చోటల్లా కేసులో దొరికిన తుపాకీతోనే, అదే రకం తూటాలతో, వేర్వేరు దూరాల నుంచి పేల్చి పోల్చి చూస్తారు. కాల్పులు పెనుగులాటలో జరిగాయా, దూరం నుంచి గురిపెట్టి చేసినవా అన్న తీర్పు ఒక్కోసారి ఆ కొద్ది సెంటీమీటర్ల తేడా మీదే ఆధారపడుతుంది.