మడత తలుపులపై మైనపు పొర

శుక్రవారమునాడు గడపకు పసుపు రాచి ముగ్గు దీర్చుటయందు మనము చూపు శ్రద్ధలో నాలవవంతైనను తలుపునకు చూపుచున్నామా? పెనుకొండలోని పాతయిండ్ల కఱ్ఱతలుపులు నూనెగుడ్డతో తుడిచినచో నిగనిగలాడును. ఇటీవలి యిరుకిండ్లలో పూజగదికిని, వంటగదికిని అమర్చుకొన్న వైనిల్ మడతతలుపుల సంగతి వేఱు.

వైనిల్ అనునది పాలీవినైల్ క్లోరైడ్ అను ప్లాస్టిక్. దీనిని మెత్తపఱచి వాడుకకు దెచ్చు విధమును 1926లో అమెరికాలో వాల్డో సెమన్ అను రసాయనవేత్త కనుగొనెను. ఇది కఱ్ఱవలె నూనెను గాని మైనమును గాని పీల్చుకొనదు. మెఱయునని మనము పూసిన మైనపు పాలిష్ అంతయు పైననే నిలిచిపోవును. దానిపై దీపపు మసి, తిరుగమోత పొగ, వేసవిగాలుల దుమ్ము చేరును. పండుగ రాగానే ఆ మురికిమీదనే మఱియొక పూత! ఇట్లు కొన్నియేండ్లు గడచునప్పటికి తెల్లని తలుపు పచ్చబడి, మడతలు ఒకదానికొకటి అంటుకొని, లాగినపుడు చీలిపోవును. ఈ చిక్కున కంతకు మూలము మనము పూసిన మెఱుగే.

మా యింటి తలుపునకు నేను మొదట చేసిన వైద్యము చెప్పుటకు సిగ్గగుచున్నది. రంగులు వేసినవారు విడిచిన థిన్నరుతో రుద్దితిని. మైనము పోయినది, దానితో నునుపును పోయి, ఒక పలక జిగురుజిగురైనది. మిగిలిన పలకలపై సలసల కాగు నీరు పోయబోగా మా అత్తగారు చేయి పట్టుకొని, "కాగిన నీళ్లు ప్లాస్టిక్ చెంబులో పోస్తారేమ్మా?" అనిరి. నిజమే. నీరు కాగుటకు చాల ముందే, 80 డిగ్రీల ప్రాంతముననే, వైనిల్ మెత్తబడి వంకరపోవును.

నీటి సంగతియు నెఱుగవలెను. మన బోరునీటిలో సున్నపుపాలు హెచ్చు. అట్టి నీటిలో సబ్బు నురుగీయక తెల్లని తెట్టుగా విఱిగి, మైనముపై వేఱొక పొరగా నిలుచును. కుంకుడురసమున కీ దోషము లేదు.

ఐదాఱు కుంకుడుకాయలు నానబెట్టి, పిసికి, వడగట్టి, ఆ రసమును చెంబెడు గోరువెచ్చని నీట కలుపుడు. ముందుగా కంటబడని మూలను పరీక్షింపుడు. తలుపును పూర్తిగా చాచి, రెండేసి పలకల చొప్పున క్రిందినుండి పైకి తడుపుడు; అట్లైన చారలు కట్టవు. ఐదు నిమిషములు నానిన పిదప, మెత్తబడిన పూతను పనికిరాని బ్యాంకు కార్డు అంచుతో మెల్లగా గీకి, మెత్తని గుడ్డతో తుడువుడు. సందులకు పాత పండ్లకుంచె చాలును. లొంగనిచో చెంబెడు నీటికి చిన్నచెంచాడు బట్టలసోడా చేర్చి, చేతితొడుగులు వేసికొని, మరల చేయుడు. పిదప మంచినీటిగుడ్డతో రెండుమాఱులు తుడిచి, ఆఱువఱకు తలుపు మడువకుడు. పీచుతో రుద్దినచో గీతలు పడును.

ఇంకొక హెచ్చరిక. అమ్మోనియా గల ద్రావకమును బ్లీచింగుతో ఎన్నడును కలుపరాదు. అందు పుట్టు వాయువు ఊపిరితిత్తులకు విషము. పూజగది తలుపైనచో, దీపము కొండెక్కిన పిదపనే పని మొదలిడుడు.

ఒక్కదినముననే అంతయు ముగింపవలెనని ఆరాటపడకుడు. దినమునకు రెండు పలకలు చాలును. తరువాత పాలిష్ ఊసే వలదు. వారమునకొకమాఱు తడిగుడ్డ, వెంటనే పొడిగుడ్డ. మా తలుపున పాడైన ఆ పలకను నేను మార్పింపలేదు. పాలిష్ డబ్బా చేతికందినప్పుడెల్ల అదియే నన్ను వారించుచున్నది.