సెల్లులో పాఠం... తక్కెడ ముందు పరీక్ష
అంగన్‌వాడీ కార్యకర్తల కొత్త చదువు

పల్లెల్లో పొద్దున్నే కేంద్రం తలుపు తీసి, పిల్లలను కూర్చోబెట్టి, గుడ్లు ఉడికించి, గర్భిణులకు, బాలింతలకు సరుకులిచ్చి, మిగిలిన వేళలో రిజిస్టర్లతో కుస్తీ పట్టే అంగన్‌వాడీ కార్యకర్త ఇప్పుడు తానూ ఒక విద్యార్థినే. ఆమె బడి చేతిలోని సెల్‌ఫోనులో ఉంది. బొమ్మలతో పాఠం చెబుతుంది. మధ్యలో ఆగి ప్రశ్న వేస్తుంది. తప్పు చెబితే సరైన జవాబు చూపి, మళ్లీ చదవమంటుంది. చివర పరీక్ష పెట్టి సర్టిఫికెట్టు ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా ఉన్న కేంద్రాల్లో పిల్లల ఎదుగుదలను కొలిచేది ఈ కార్యకర్తలే. కాబట్టి వారు ఏం నేర్చుకుంటున్నారు, ఎలా నేర్చుకుంటున్నారు అన్నది ప్రతి తల్లికీ పట్టాల్సిన సంగతే.

చెవులు మారితే మాట మారుతుంది

సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైంది. కార్యకర్తగా చేరినవారు శిక్షణ కేంద్రానికి వెళ్లి కొన్ని వారాలు ఉండి నేర్చుకొని వచ్చేవారు. ఆ తర్వాత సెక్టారు సమావేశంలో సూపర్‌వైజరు చెప్పిందే పాఠం. 2018లో పోషణ్ అభియాన్ వచ్చాక పాఠాలను 21 అంశాలుగా విడగొట్టి, కొద్దికొద్దిగా నేర్పే పద్ధతి పెట్టారు. పాఠం రాష్ట్రం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి ప్రాజెక్టుకు, అక్కడి నుంచి సెక్టారుకు దిగి రావాలి. నాలుగు చెవులు దాటి వచ్చేసరికి అసలు మాట పలచబడుతుంది. ఈ లోటు తీర్చడానికే అవే పాఠాలను కంప్యూటరు, ఫోను ద్వారా కూడా అందించారు. కరోనా వచ్చిన 2020లో సమావేశాలకు వీల్లేక ఫోను చదువు మరింత పెరిగింది. 2021 మార్చిలో పోషణ్ ట్రాకర్ యాప్ రావడంతో నమోదు పని కూడా ఫోనులోకే చేరింది.

దూరం నుంచి పాఠం చెప్పడం మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టీవీ కార్యక్రమాలు అందాయి. వాటి ద్వారా వేలాది మంది ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. అయితే ఆ టీవీ చెప్పుకుంటూ పోయేది, ఎదుట కూర్చున్నవారికి అర్థమైందో లేదో దానికి తెలియదు. ఇప్పటి ఫోను అడుగుతుంది, జవాబు వినిపించుకుంటుంది. కొత్త అంతా ఇక్కడే ఉంది.

ముప్పావు సెంటీమీటరు కూడా లేదు... అయినా

ఉదాహరణకు ఒక ప్రశ్న. ఎనిమిది నెలల బిడ్డ పొడవును నిలబెట్టి కొలవాలా, పడుకోబెట్టా? రెండేళ్ల లోపు పిల్లలను బల్ల మీద పడుకోబెట్టి, రెండేళ్లు దాటినవారిని నిలబెట్టి కొలవాలన్నది నియమం. అదే బిడ్డను రెండు తీర్లా కొలిస్తే సుమారు 0.7 సెంటీమీటరు తేడా వస్తుంది. నిలబెడితే పొట్టిగా, పడుకోబెడితే పొడుగ్గా కనిపిస్తుంది.

ఆ మాత్రం తేడాకు ఏమవుతుందని కొట్టిపారేయడానికి లేదు. బిడ్డ బక్కచిక్కిందా లేదా అన్నది పొడవుకు తగ్గ బరువు ఉందా లేదా అన్నదాన్ని బట్టి తేలుస్తారు. పొడవు తక్కువ పడితే ఉండాల్సిన బరువూ తక్కువే చూపుతుంది. అప్పుడు నిజంగా చిక్కిపోయిన బిడ్డ కూడా లెక్కలో బాగున్నట్లే తేలవచ్చు. అదనపు ఆహారం, వైద్యం అందాల్సిన బిడ్డ పేరు జాబితాకు ఎక్కదు. ఇలాంటి చోట మధ్యలో ప్రశ్న వేసే పాఠం మేలు చేస్తుంది. విని వదిలేసిన నియమం మరుపున పడుతుంది గానీ, ఒకసారి తప్పు చెప్పి దిద్దుకున్న నియమం గుర్తుంటుంది.

చేతికి నేర్పేది ఎవరు?

అయితే ఫోనులో నూటికి నూరు మార్కులు వచ్చినంత మాత్రాన కొలత సరిగా వస్తుందని కాదు. తక్కెడ సున్నా దగ్గర ఉందో లేదో చూసుకోవాలి. బరువైన బట్టలు తీయాలి. ఏడ్చే బిడ్డ తల ఒకరు పట్టుకుంటే, మోకాళ్లు మెల్లగా చాపి పాదాల దగ్గర పలక ఆనించేది మరొకరు. ఈ పనికి ఇద్దరు కావాలి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు బిడ్డ జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తగ్గితే తీవ్ర పోషకాహార లోపం కింద లెక్క. పట్టీని బిగించి లాగినా, వదులుగా వదిలినా ఆ లెక్క తప్పుతుంది. పాదాల వాపును బొటనవేలితో నొక్కి గుంట పడిందా అని చూడాలి. ఇవన్నీ అద్దం మీద వేలు ఆనిస్తే వచ్చే విద్యలు కావు. 2023లో మొదలైన 'పోషణ్ భీ, పఢాయీ భీ' కార్యక్రమంలో కార్యకర్తలను మళ్లీ ఎదురుగా కూర్చోబెట్టి శిక్షణ ఇవ్వడానికి ఏర్పాట్లు చేయడం గమనించదగ్గది.

ఇబ్బందులూ ఉన్నాయి. సిగ్నలు అందని గూడేల్లో బొమ్మ కదలదు. కేంద్రం పని ముగిశాక, ఇంట్లో వంట అయ్యాక మిగిలిన వేళే చాలా మందికి చదువు వేళ. సర్టిఫికెట్టు కోసం ఇంట్లో పిల్లల చేత జవాబులు నొక్కిస్తే కాగితం వస్తుంది తప్ప పని రాదు. 2023 డిసెంబరు 12 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో 42 రోజుల పాటు సాగిన అంగన్‌వాడీల సమ్మెలో వేతనాలు, గ్రాట్యుటీతో పాటు యాప్‌ల భారం మాట కూడా వినిపించింది. నేర్చుకునే వేళను పనివేళగానే లెక్కించకపోతే పాఠం కూడా మరో భారమే అవుతుంది.

చేయదగ్గవి

దీనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. పాఠాలను సిగ్నలు ఉన్న చోట ముందే ఫోనులోకి దించి ఇవ్వవచ్చు. సెక్టారు సమావేశంలో ఒక గంట తక్కెడ, కొలబల్ల బయట పెట్టి, ఒకే బిడ్డను ఇద్దరు కార్యకర్తల చేత విడివిడిగా కొలిపించి, రెండు అంకెలు సరిపోల్చవచ్చు. తేడా ఎక్కువ వస్తే ఎక్కడ తప్పిందో అక్కడికక్కడే తెలుస్తుంది. పాడైన తక్కెడలను సకాలంలో బాగు చేయించాలి.

తల్లులకూ ఇందులో పని ఉంది. బిడ్డను తూచినప్పుడు పక్కన నిలబడి అంకె చూడాలి. పోయిన నెల కన్నా పెరిగిందా, తగ్గిందా అని అడగాలి. అడిగే తల్లి ఉన్న కేంద్రంలో కొలత జాగ్రత్తగా పడుతుంది. సర్టిఫికెట్ల సంఖ్య చూసి తృప్తి పడకుండా, తక్కెడ ముందు జరిగే పరీక్షను కూడా అధికారులు పట్టించుకుంటే, సెల్లులో చెప్పిన పాఠం పల్లె బిడ్డకు అక్కరకు వస్తుంది.