సైకిల్ యాత్రలో ఒక రోజు: మైసూరు నుంచి ఊటీ దాకా



సెలవులు దగ్గరపడుతున్నాయంటే పెద్ద తరగతుల పిల్లలు ఇంట్లో పెట్టే అర్జీల్లో ఈమధ్య కొత్తది ఒకటి చేరింది. బృందంతో కలిసి నాలుగైదు రోజుల సైకిల్ యాత్రకు వెళ్తామంటున్నారు. "అంత దూరం తొక్కగలడా?" అన్నది మనకు మొదట వచ్చే సందేహం. అంతకంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. "ఇక నావల్ల కాదు సార్" అని నోరు తెరిచి చెప్పగలడా? ఇది ఎందుకు ముఖ్యమో తెలియాలంటే అలాంటి యాత్రలో ఒక రోజు ఎలా గడుస్తుందో చూడాలి.

2008లో మొదలైన టూర్ ఆఫ్ నీలగిరీస్ మన దేశంలో ఈ తరహా యాత్రల్లో బాగా పేరున్నది. కర్ణాటక, తమిళనాడు, కేరళ కొండల మీదుగా సాగుతుంది. దారి ఏటా ఒకేలా ఉండదు. మనం మైసూరు నుంచి గుండ్లుపేట, బందీపూర్, మసినగుడి, కల్హట్టి ఘాట్ మీదుగా ఊటీ చేరే దారిని తీసుకుందాం. దాదాపు 125 కిలోమీటర్లు. ఇది నెలల తరబడి సాధన చేసిన పెద్దవాళ్ళు తొక్కే దారి, పిల్లలకు కాదు. పిల్లల యాత్రలో దూరం బాగా తగ్గుతుంది కానీ రోజు నడిచే తీరు మాత్రం ఇదే.

తెల్లవారకముందే లేవాలి. ఇడ్లీయో ఉప్మాయో తిని, టైర్లలో గాలి, బ్రేకులు చూసుకుని, ఆ రోజు దారి గురించి నిర్వాహకులు చెప్పేది విని బయలుదేరతారు. గుండ్లుపేట దాకా పెద్ద ఎత్తుపల్లాలు లేవు కాబట్టి గుంపుగా సాగవచ్చు. ముందున్న వ్యక్తి గాలిని చీల్చుకుంటూ పోతుంటే వెనక దగ్గరగా వచ్చేవారికి శ్రమ బాగా తగ్గుతుంది. చిక్కల్లా ముందువారికి కనిపించిన గుంత వెనకవారికి కనిపించకపోవడమే. అందుకే గుంత వస్తే చేత్తో కిందికి చూపించాలి, ఆగబోతుంటే అరిచి చెప్పాలి, ఉన్నపళంగా బ్రేకు వేయకూడదు. మన ముందు చక్రం ఎదుటి సైకిల్ వెనక చక్రం పక్కకు చేరితే, ఆ రెండూ తగిలినప్పుడు పడేది వెనకవారే. ఇవి అలవాటు లేని పిల్లలు రెండు మూడు సైకిళ్ళ ఎడం వదిలి తొక్కడమే మేలు. ఆదా అయ్యే శ్రమ కంటే మోచేతులు ముఖ్యం.

తిండి సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. కండరాల్లోనూ కాలేయంలోనూ గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉండే శక్తి, గట్టిగా తొక్కితే సుమారు రెండు గంటల్లో అడుగంటుతుంది. అప్పుడు కాళ్ళు ఒక్కసారిగా బరువెక్కుతాయి, తల తిరుగుతుంది, చిన్న మాటకే చిరాకు వస్తుంది. ఆకలి వేసినప్పుడు తిందాంలే అనుకుంటే అప్పటికే ఆలస్యమైపోతుంది. అందుకని అనుభవం ఉన్నవాళ్ళు మొదటి గంట నుంచే కొద్దికొద్దిగా తింటూ ఉంటారు. పెద్దవాళ్ళకైతే గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. మధ్యరకం అరటిపండు ఒకదానిలో సుమారు 25 గ్రాములు ఉంటుంది. ఖరీదైన ఎనర్జీ బార్లు కొనాలేమోనని హైరానా పడక్కర్లేదు, పల్లీచిక్కి, ఖర్జూరాలు భేషుగ్గా పనిచేస్తాయి. చెమటతో ఉప్పు కూడా పోతుంది కాబట్టి గంటల తరబడి వట్టి నీళ్ళే తాగడం మంచిది కాదు. మధ్యమధ్య ఓఆర్ఎస్సో ఉప్పు వేసిన మజ్జిగో పడాలి.

బందీపూర్ అడవి గుండా వెళ్ళే రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలకు సాధారణంగా అనుమతి ఉండదు. ఏనుగులు తిరిగే చోటు. పగలు కూడా మధ్యలో ఆగి ఫోటోలు దిగడం కుదరదు. అడవి దాటుతుంటే తెప్పకాడు వస్తుంది. ఆస్కార్ అందుకున్న 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' తీసిన ఏనుగుల శిబిరం ఇక్కడిదే.

మసినగుడి దాటాక అసలు పరీక్ష. కల్హట్టి ఘాట్‌లో 36 హెయిర్‌పిన్ మలుపులు. పన్నెండు పదమూడు కిలోమీటర్లలోనే దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు ఎక్కాలి. మనవాళ్ళకు తెలిసిన లెక్కలో చెప్పాలంటే, తిరుమలకు వెళ్ళే ఘాట్ రోడ్డు సుమారు 16 కిలోమీటర్లలో 700 మీటర్లు ఎక్కుతుంది. కల్హట్టిలో గుంపు దానంతటదే విడిపోతుంది. వేగం నడక కంటే కాస్త ఎక్కువ, అంతే. గాలి చాటు ఇక్కడ పనికిరాదు, ఎవరి బరువు వారే మోసుకోవాలి. చిన్న గేరులో ఊపిరి అదుపు తప్పకుండా తొక్కేవారు పైకి చేరతారు. మొదటి మలుపుల్లోనే పక్కవాడితో పోటీకి దిగినవారు పదో మలుపుకే సైకిల్ దిగి తోసుకుంటూ కనిపిస్తారు. పైకి వెళ్ళేకొద్దీ చలి కూడా పెరుగుతుంది. ప్రతి వెయ్యి మీటర్లకు ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి తడిసిన చొక్కాతో ఊటీ చేరితే వణుకు తప్పదు. బ్యాగులో పల్చటి జాకెట్ ఒకటి ఉండాలి.

ఇలాంటి యాత్రల్లో అందరికంటే వెనక ఒక వ్యాన్ వస్తుంది. తొక్కలేనివారు అందులో ఎక్కుతారు, సైకిల్ కూడా ఎక్కిస్తారు. పెద్దవాళ్ళు ఎక్కడానికి పెద్దగా మొహమాటపడరు, మర్నాడు పొద్దున మళ్ళీ తొక్కుతారు. మొహమాటపడేది పిల్లలే. ర్యాంకుల మధ్య పెరిగిన పిల్లలకు ఆ వ్యాన్ ఎక్కడమంటే ఫెయిలైనట్టు అనిపిస్తుంది. కళ్ళు తిరుగుతున్నా చెప్పరు. ఎండలో ఒళ్ళు గగుర్పొడవడం, గలగలా మాట్లాడేవాడు ఉన్నట్టుండి మౌనమైపోవడం, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పడం వడదెబ్బకు ముందు కనిపించే గుర్తులు కావచ్చు. వెంటనే ఆపి, నీడలో కూర్చోబెట్టి, ఒళ్ళు తడిపి చల్లబరచాలి. మాట తడబడుతుంటే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కాబట్టి నిర్వాహకులను రోజుకు ఎన్ని కిలోమీటర్లని అడిగేముందు వెనక వ్యాన్ ఉందా, అందరికంటే చివర తొక్కే పెద్దమనిషి ఎవరు, ప్రథమ చికిత్స తెలిసినవారు వెంట ఉంటారా అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే ఆ యాత్ర మానుకోవచ్చు.

వెళ్ళేముందు ఒక నెలైనా అభ్యాసం కావాలి. ముఖ్యంగా శని, ఆదివారాలు వరసగా తొక్కించి చూడండి. ఒక్కరోజు నలభై కిలోమీటర్లు తొక్కడం వేరు, మర్నాడు నొప్పుల మీద మళ్ళీ సీటెక్కడం వేరు. హెల్మెట్ తలకు సరిగ్గా పట్టాలి, సీటు ఎత్తు మోకాలికి సరిపోవాలి. మెత్త ఉన్న సైక్లింగ్ షార్ట్స్ రెండు జతలు కొనండి, లోపల వేరే లోదుస్తులు వేసుకోకూడదు. చాలామందికి తెలియని ఈ చిన్న విషయం వల్లే తొడలు ఒరుసుకుపోయి రెండో రోజుకే యాత్ర ఆగిపోతుంది.

సాయంత్రం మజిలీ చేరాక స్నానం, బట్టలు ఉతుక్కోవడం, చెయిన్ తుడిచి నూనె వేసుకోవడం, అన్నం, తొమ్మిదింటికల్లా నిద్ర. ఆ మధ్యలో ఎప్పుడో మీకు ఫోన్ వస్తుంది. ఎన్నో స్థానంలో చేరావని అడక్కండి. దారిలో ఏం తిన్నావో, వ్యాన్‌లో ఎవరైనా ఎక్కారో అడగండి. "నేనే ఎక్కాను నాన్నా" అంటే, కిటికీలోంచి ఏం కనిపించిందో చెప్పమనండి.